శనివారం సాయంత్రం వచ్చే మనుషులు

మా పర్లాకిమిడిలో నెలకో శనివారం సాయంత్రం ఎవరైనా పనేమీ లేకుండా వచ్చి వరండాలో కూర్చున్నారంటే, పని ఉందని అర్థం. మర్నాడు నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల. ఎవరి మీదైనా మనసులో ఏదైనా పెట్టుకుని రొట్టె, ద్రాక్షరసం ముట్టుకోకూడదని మా పెద్దలు గట్టిగా నమ్మేవారు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటని ఉన్నదున్నట్టు పాటించేవారు. అందుకే చెప్పాల్సింది ఉన్నవాళ్ళు శనివారం చీకటి పడేలోపు వచ్చి చెప్పేసి పోయేవారు.

వచ్చినవాళ్ళు ముందు వానల గురించి, జీడిపిక్కల ధర గురించి, గుణుపురం బండి ఎంత ఆలస్యంగా వచ్చిందో దాని గురించి మాట్లాడేవారు. అమ్మ టీ పెట్టడానికి లేచేది. మమ్మల్ని "లోపలికెళ్ళి చదువుకోండి" అనేవారు. మేం లోపలికెళ్ళి తలుపు చాటున చదువుకునేవాళ్ళం.

ఇదంతా 1980ల నాటి మాట. గజపతి జిల్లా ఇంకా రాలేదు, అది 1992లో వచ్చింది. అప్పటికి మేం గంజాం జిల్లా వాళ్ళం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్ళింది గానీ ఇళ్ళల్లో తెలుగు ఎటూ వెళ్ళలేదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బజార్లో ఎదుటివాడి ముఖం చూసి ఏది వస్తే అది. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. రాజావారు 1900లో నౌపడ నుంచి మా ఊరి దాకా వేయించిన చిన్న రైలు తర్వాత గుణుపురం దాకా పోయింది. 2004లో దాన్ని ఆపి పట్టాలు పెద్దవి చేశారు, కానీ నేను చెప్పే రోజుల్లో మా ఊరికి వచ్చే ప్రసంగీకులంతా ఆ చిన్న బండిలోనే ఊగుతూ దిగేవారు. కెనడా బాప్టిస్టు మిషనరీలు చాలాకాలం ఉన్న ఊరు కాబట్టి క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, కొండల మీద నుంచి దిగి వచ్చే సవరలు. వీటిలో మాది ఏ సంఘమో చెప్పను. రాయబోయే వాటిలో కొందరికి ఇంకా నొప్పి తగ్గనివి ఉన్నాయి, వాళ్ళ పిల్లలు అక్కడే ఉన్నారు.

ముఖ్యంగా ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఇంకొకరు కొండల్లో మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి దిగి వచ్చిన నర్సమ్మగారు. మాస్టారు పది మాటలు ఆలోచించి ఒకటి చెప్పేవారు. నర్సమ్మగారికి ఆ తేడా లేదు, పదీ చెప్పేవారు.

మా సంఘంలో ఒకరి తప్పు ఇంకొకరు ఎత్తి చూపడానికి అప్పట్లో అందరూ వాడే దారి ప్రార్థన. కళ్ళు మూసుకుని, గొంతు కాస్త పెంచి, "ప్రభువా, ఆరాధన సగం అయ్యాక వచ్చి ముందు వరసలోకి నడిచే నీ బిడ్డల మనసు మార్చు తండ్రీ" అంటే అది ఎవరికో అందరికీ తెలిసిపోయేది. దానికి ఆమెన్ అంటే ఒక తంటా, అనకపోతే ఇంకో తంటా. ఒకసారి స్త్రీల సమాజంలో ఒకావిడ, చేబదులు తిరిగి ఇవ్వని పొరుగావిడ గురించి ఇలాగే ప్రార్థన చేసిందట. పొరుగావిడ వంతు వచ్చినప్పుడు, "బీదవాళ్ళ దగ్గర వడ్డీ తీసుకోవద్దని ధర్మశాస్త్రంలో రాయించిన తండ్రీ" అని మొదలుపెట్టిందట. మా అమ్మ ఇది చెప్పినప్పుడల్లా నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేది.

రెండో దారి ప్రసంగం. "ఈ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతుంది" అని బల్ల గుద్ది చెప్పేవారు కొందరు. తగలాల్సినవాళ్ళు సరిగ్గా ఆ ఆదివారమే రారు. రానివాళ్ళ తిట్లన్నీ వచ్చినవాళ్ళు తినేవారు.

మాస్టారు యవ్వనస్తుల కూటానికి పెద్దగా ఉన్నన్నాళ్ళూ ఈ రెండూ మాన్పించారు. "మనిషికి చెప్పాల్సింది దేవుడి చేత చెప్పించకండ్రా. కాళ్ళున్నాయి కదా, వెళ్ళి చెప్పండి" అనేవారు. మత్తయి సువార్త 18వ అధ్యాయం ఆయనకి నోటికి వచ్చు. సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వే వెళ్ళి, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని వెంటపెట్టుకుని వెళ్ళు. అప్పటికీ వినకపోతేనే సంఘానికి. "మనవాళ్ళు ఇది కింద నుంచి పైకి చదువుతారు. ముందు సంఘమంతటికీ చెప్తారు, తర్వాత ఇద్దరు ముగ్గురికి చెప్తారు, ఆ మనిషికి మాత్రం చచ్చేదాకా చెప్పరు." లెక్కల మాస్టారు కదా, మెట్లు తప్పితే జవాబు వచ్చినా మార్కులిచ్చేవారు కాదు.

ఇక మా ఇంటి వరండాలో జరిగింది చెప్తాను. నాన్న బడిలో గుమాస్తా, ఆదివారాలు హార్మోనియం వాయించేవాడు. ఒక శనివారం నర్సమ్మగారు వచ్చారు. ఆవిడకి వానలు, జీడిపిక్కలు పట్టవు.

"వందనాలు బాబూ. నీ పెట్టె గురించి మాటాడదామని వచ్చాను. మోత ఎక్కువైపోతంది. చరణం ఒక్క ముక్క వినబడతం లేదు. పైగా సాగదీస్తన్నావు, పాట అయ్యేసరికి నిద్దరొస్తంది."

తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో మా ప్రాంతంలోనే పుట్టారు. అందుకని ఆయన కీర్తనలంటే నర్సమ్మగారికి సొంత ఇంటి ఆస్తి. వాటిలో ఒక్క మాట మోతలో మునిగినా ఓర్చుకునేవారు కాదు. నాన్న మాత్రం చిన్నప్పటి నుంచి వాయిస్తున్నవాడు, ఊళ్ళో ఆయనకి పేరుంది. తలుపు చాటున ఉన్న మాకు గుండె దడదడలాడింది. నాన్న కాసేపు ఊరుకుని, "ఏ పాట దగ్గర అనిపించిందమ్మా?" అని అడిగాడు.

"పోయిన వారం రెండో కీర్తన. మూడో చరణం."

"సరే. ఈ నెల చూసుకుని చెప్తాను."

అంతే. టీ తాగి వెళ్ళిపోయారు. అమ్మ ఆ గ్లాసు కడుగుతూ కడుగుతూ, "ఆవిడకి పాడటం వచ్చా ఏం?" అంది. నాన్న, "వినడం వచ్చు కదా" అన్నాడు.

ఇప్పుడు వెనక్కి చూస్తే నాన్న చేసిన పనిలో నాకు నచ్చేది ఆ ప్రశ్న. ఎవరైనా మనల్ని ఒక మాట అంటే మనకి ముందు వచ్చేది జవాబు. 'వినుటకు వేగిరపడువాడు, మాటలాడుటకు నిదానించువాడు' అని యాకోబు రాసింది మనకి కంఠతా వచ్చు, కానీ ఆ నిదానించే టైములో ఏం చెయ్యాలో తెలీక నోరు తెరిచేస్తాం. నాన్న ఆ టైములో వివరం అడిగేవాడు. ఏ పాట, ఏ చరణం, ఎక్కడ కూర్చుని విన్నారు. నిజంగా మంచి కోరి వచ్చినవాళ్ళయితే వివరం చెప్తారు. ఉక్రోషంతో వచ్చినవాళ్ళు "అన్నీ అంతే" అంటారు. వాళ్ళకి కూడా నాన్న టీ ఇచ్చి పంపేవాడు, ఆ నెల మాత్రం ఏమీ చూసుకునేవాడు కాదు.

తర్వాతి ఆదివారాలు నాన్న పెట్టె దగ్గర ఇంకో కుర్రాణ్ణి కూర్చోబెట్టి, తాను వెనక బెంచీలో నర్సమ్మగారు కూర్చునే చోటికి దగ్గరగా కూర్చున్నాడు. మాది రేకుల కప్పు. ముందు కూర్చుంటే తెలియదు గానీ వెనక్కి వచ్చేసరికి కింది స్థాయి మోతంతా రేకులకి తగిలి మాటల మీద పడుతోంది. ఇంటికి వచ్చి పెట్టె మూత తీశాడు. లోపల ఇత్తడి రీడ్లు రెండు వరసలు. బొటనవేలితో ఒక్కోదాన్ని ముట్టుకుని చూసి, దుమ్ము ఊది, లావు గొంతు వరసకి గాలి వెళ్ళే స్టాపు పుల్లని పూర్తిగా లోపలికి నెట్టేశాడు. ఆ రోజు నుంచి దాన్ని క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప లాగలేదు.

పై శనివారం నాన్నే నర్సమ్మగారింటికి వెళ్ళాడు, నన్ను వెంటబెట్టుకుని.

"మోత సంగతి మీరన్నదే నిజమమ్మా. వెనక కూర్చుని విన్నాను. నడక సంగతి మాత్రం నేనొప్పుకోలేను. ముసలివాళ్ళకి ఊపిరి తీసుకునే సందు ఉండాలి. వేగం పెంచితే వాళ్ళు పాడటం మానేస్తారు."

"నేనేటి, పడుచుదాన్నా?"

"మీకు ఊపిరి ఎక్కువండీ."

ఆవిడ ముందు కోపంగా చూసి, తర్వాత పకపకా నవ్వారు. నడక విషయంలో ఆవిడ బతికున్నంత కాలం అనడం మానలేదు, నాన్న మార్చడమూ లేదు. కానీ అప్పటి నుంచి శుక్రవారం పాటల ప్రాక్టీసుకి ఆవిడ వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. మోత ఎక్కువైతే చెయ్యెత్తేవారు. నాన్న తగ్గించేవాడు. అనేసి ఇంట్లో కూర్చుంటే ఆవిడ మాటకి మా అమ్మ దగ్గర ఎప్పటికీ విలువ వచ్చేది కాదు. ప్రాక్టీసుకి రావడం మొదలుపెట్టాక అమ్మే ఆవిడకి ఫ్లాస్కులో టీ పంపేది.

మాస్టారింట్లో జరిగింది ఇంకొకటి. ఇది నాకు హార్మోనియం కంటే బాగా గుర్తు, ఎందుకంటే నేను వడ్డనకి ఉన్నాను.

వేదాంత విద్య ముగించుకుని కొత్తగా వచ్చిన కుర్ర ప్రసంగీకుడు ఒకాయన మా దగ్గర కొన్ని నెలలున్నాడు. మంచివాడు, కష్టపడేవాడు. నోరు తెరిస్తే మాత్రం 'కావున', 'అట్టి', 'యెడల' తప్ప వచ్చేవి కావు. మేం పిల్లలం బెంచీల కింద ఆయన్ని అనుకరించేవాళ్ళం. ఒక ఆదివారం కుటుంబం గురించి ప్రసంగం చేస్తూ, భర్త తాగొచ్చి కొడితే మూడేళ్ళుగా పిల్లలకి తెలియకుండా ఏడుస్తున్న ఒక ఇల్లాలి కథ చెప్పాడు. పేరు చెప్పలేదు. చాలా బాగా చెప్పాడు కూడా, కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ మధ్యాహ్నం మాస్టారు ఆయన్ని భోజనానికి పిలిచారు. అన్నం, పప్పు, చేపల పులుసు, అప్పడాలు. మాస్టారి భార్యని మేం పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఆవిడకి ఒక పట్టింపు ఉండేది, కంచం ముందు కూర్చున్న మనిషి తప్పు ఎత్తకూడదని. తిన్నంతసేపూ మాస్టారు సరదాగానే మాట్లాడారు. "బాబూ, గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడే మాస్టారుగా చేరారు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి ఊళ్ళో నువ్వు 'కావున' అంటే మా పరువు పోతుంది" అన్నారు. కుర్రాయన నవ్వేశాడు. ఆ నవ్వుతో ఆ సంగతి అయిపోయింది. దానికి అంతకంటే అక్కర్లేదు.

చెయ్యి కడుక్కుని తువ్వాలు అందుకున్నాక పెద్దమ్మగారు అడిగారు. "ఆ ఇల్లాలి కథ నీకెవరు చెప్పారు బాబూ?"

"ఆవిడేనండి... ప్రార్థన చెయ్యమని."

పెద్దమ్మగారు కాసేపు ఏమీ అనలేదు. ఆయన తువ్వాలు మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"నేను పేరు చెప్పలేదండి."

"చెప్పలేదు. నువ్వు చెప్తుండగా రెండో వరసలోంచి ఒకావిడ లేచి బయటికి వెళ్ళింది. చూశావా?"

"మంచినీళ్ళకనుకున్నాను."

నాతాను ప్రవక్త, తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికి వెళ్ళి, గొర్రెపిల్ల కథ చెప్పి, రాజు నోటితోనే తీర్పు చెప్పించి, ఆ తర్వాతే 'ఆ మనుష్యుడవు నీవే' అన్నాడు. సమూయేలు రెండో గ్రంథం 12వ అధ్యాయం. పెద్దమ్మగారు ఆ చివరి మాట కూడా అనలేదు. కుర్రాయనే అక్కడికి చేరుకునేదాకా కూర్చున్నారు. ముందు 'పేరు చెప్పలేదు' అన్నాడు గానీ ఆ తర్వాత ఆయన నా ఉద్దేశం మంచిదే అనలేదు, ప్రసంగానికి ఉదాహరణ కావాలి కదా అనలేదు. చాలాసేపటికి, "వచ్చే ఆదివారం అందరి ముందూ క్షమాపణ అడుగుతాను" అన్నాడు.

"వద్దు. ఇవాళ సగం మందికి తెలిసింది. అలా చేస్తే మిగతా సగానికి తెలుస్తుంది."

ఆ సాయంత్రం ఆయన ఆవిడింటికి వెళ్ళాడు. తోడుగా మాస్టారు వెళ్ళి వీధి మలుపులో నిలబడ్డారట, లోపలికి వెళ్ళలేదు. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు, తెలియకపోవడమే న్యాయం. ఆవిడ మళ్ళీ ఆరాధనకి వచ్చింది, రెండో వరసలో కాదు గానీ వచ్చింది. కుర్రాయన అక్కడున్నన్నాళ్ళూ బతికున్న మనిషి కథ ఏదీ ప్రసంగంలో చెప్పలేదు. తర్వాత ఎక్కడో పెద్ద సంఘానికి కాపరి అయ్యాడని విన్నాను. అపొల్లో అనే మంచి వక్తని అకుల, ప్రిస్కిల్ల పక్కకి తీసుకెళ్ళి ఇంకా పూర్తిగా బోధపరిచారని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఉంటుంది. ఆ భాగం ఎవరు చదివినా నాకు చేపల పులుసు వాసన వస్తుంది.

అందరూ ఇలా ఉండేవారని కాదు. అరవడం ఇష్టమైన పెద్దలూ ఉండేవారు. వాళ్ళకో వాక్యం ఉండేది: అంతియొకయలో పౌలు పేతురుని అందరి ముందూ నిలదీశాడు కదా, మేమెందుకు నిలదియ్యకూడదు అని. గలతీ పత్రిక 2వ అధ్యాయంలో ఉన్నమాట నిజమే. దీనికి మాస్టారు ఒకసారి సంఘ కూటంలో జవాబు చెప్పారు. "పేతురు తప్పు చేసింది అందరి ముందే. యూదులు కాని అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే బల్ల దగ్గర్నుంచి వెనక్కి తగ్గాడు. దాన్ని చూసి బర్నబా కూడా తగ్గాడు. గాయం అందరికీ తగిలింది కాబట్టి మందు అందరి ముందూ పడింది. తమరు మొన్న తిట్టింది పిల్లాడు చెప్పులతో లోపలికి వచ్చినందుకు." ఇంకొకటి కూడా అన్నారు. అలా తిట్లు తిన్న పేతురే తర్వాత తన రెండో పత్రికలో 'మన ప్రియ సహోదరుడైన పౌలు' అని రాశాడని. "మీరు తిట్టినవాళ్ళలో మిమ్మల్ని ప్రియ సహోదరుడు అనేవాళ్ళు ఎంతమందో ఓసారి లెక్కెయ్యండి."

ఒక పెద్దాయన కానుకల పట్టీ చదువుతూ ఇచ్చినవాళ్ళతో పాటు ఇవ్వనివాళ్ళ పేర్లు కూడా చదివాడు. అందులో విస్తళ్ళు కుట్టి బతికే ఒక విధవరాలు ఉంది. ఆవిడ మళ్ళీ రాలేదు. పెద్దమ్మగారు, నర్సమ్మగారు ఎన్నోసార్లు వెళ్ళారు, కూర్చున్నారు, ఆవిడతో పాటు ఆకులు కుట్టారు. రాలేదు. పాతపట్నం వైపు ఇంకో సంఘంలో చేరింది. పట్టీ చదివినాయన మాత్రం ఒక్కసారి కూడా ఆ ఇంటి వైపు వెళ్ళలేదు.

దీనికి పూర్తిగా తిరగేసిన రోగం ఇంకొకటి ఉండేది. కట్టడం చందా లెక్క చూపించమని ఒకాయన శాంతంగానే అడిగితే, 'మీరు తీర్పు తీర్చకుడి' అని వాక్యం తీసి ఆయన నోరు మూయించబోయారు. కృపతో మాట్లాడమంటే అసలు మాట్లాడవద్దని అర్థం తీసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు వాళ్ళంటే అరిచేవాళ్ళకంటే ఎక్కువ భయం. ఆ రోజు నర్సమ్మగారు లేచి, మత్తయి 7వ అధ్యాయం మొదటి వచనం దగ్గర ఆగకుండా అయిదో వచనం దాకా చదవమన్నారు. నీ కంటిలోని దూలం ముందు తీసుకో, అప్పుడు నీ సహోదరుని కంటిలోని నలుసు తియ్యడానికి నీకు తేటగా కనబడుతుంది అని కదా ప్రభువు చెప్పింది. "నలుసు ఉండిపోనీమని ఎక్కడుంది? తియ్యమనే ఉంది. ఆసుపత్రిలో నేను తీసినన్ని నలుసులు మీరెవరూ తీసుండరు. ముందు చెయ్యి కడుక్కోవాల. వెలుతురు మన వెనక నుంచి పడాల. రోగి తల ఒక చేత్తో పట్టుకోవాల, కదిలిపోకుండా. తడి గుడ్డ కొసతో ఒక్కసారి తియ్యాల. అరిస్తే రోగి కన్ను మూసేస్తాడు. ఒగ్గేస్తే కన్ను పోతాది." లెక్క చూపించారు. పెద్ద తేడా ఏమీ లేదు, ఇసుక బండ్ల రసీదులు రెండు దొరకలేదు, అంతే. చూపించకుండా ఉంటే మాత్రం ఆ రెండు రసీదులు ఊళ్ళో రెండు వందలయ్యేవి.

తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసి చేసే క్రిస్మస్ ఆరాధన దగ్గర మాత్రం వ్యవహారం ఇంకా సున్నితం. ఒక ఇంట్లో వాళ్ళు ఒకర్నొకరు అనుకుంటే కోపాలు రెండు రోజుల్లో పోతాయి. రెండు భాషలవాళ్ళు అనుకుంటే అది 1936 దాకా వెనక్కి పోతుంది. ఒక ఏడు తెలుగు పాటలు ఎక్కువై, ఒడియా గుంపుకి ఇచ్చిన టైములో సగం మేమే తినేశాం. వాళ్ళ పిల్లలు చేయాల్సిన గొర్రెల కాపరుల ఘట్టం జరగనేలేదు. తలపాగాలు చుట్టుకుని, కర్రలు పట్టుకుని మెట్ల మీద కూర్చున్న ఆ పిల్లలు నాకింకా కళ్ళకి కట్టినట్టున్నారు. ఒకడు తలపాగాతోనే నిద్రపోయాడు.

వాళ్ళ పెద్దాయన ఒకరు తర్వాత మాస్టారింటికి వచ్చారు. వచ్చినాయన తెలుగులో మాట్లాడారు. ఆయన తెలుగు అంతంతమాత్రం. "మా పిల్లలు ఏడ్చారు మాస్టారూ. మీరు చెడ్డ కాదు. పాట ఎక్కువ." ఇంతే ఆయన చెప్పగలిగింది. మాస్టారు జవాబు ఒడియాలో ఇచ్చారు. మాస్టారి ఒడియా బడి ఒడియా, మర్యాదగా ఉంటుంది గానీ వాదించడానికి పనికిరాదు. తప్పు మాదేనని, వచ్చే ఏడు మొదటి ఘట్టం వాళ్ళదేనని చెప్పారు. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుని ఉంటే ఇద్దరికీ వాదించడానికి కావలసినన్ని మాటలు దొరికేవి. తర్వాత కమిటీలో ఇదే ఆనవాయితీ అయింది. ఒడియావాళ్ళ మీద ఫిర్యాదు ఉంటే మనం ఒడియాలో చెప్పాలి, మన మీద ఉంటే వాళ్ళు తెలుగులో చెప్పాలి. రాసుకున్న నియమం కాదు. మొదట్లో నవ్వులాట, తర్వాత అలవాటు. ఫిర్యాదులు చిన్నవైపోయాయి. కోపం వచ్చినా దానికి తగ్గ మాట తెలియక సగంలో ఆగిపోయేవారు. మా నాన్న ఒక ఫిర్యాదు చెప్పడానికి ముందురోజు రాత్రి నా ఒడియా పాఠ్యపుస్తకం అడిగి తీసుకున్నాడు.

ఇప్పుడు సంఘానికి వాట్సాప్ గ్రూపు ఉంది. నేను బరంపురంలో ఉంటూ చూస్తుంటాను. ఆదివారం మధ్యాహ్నానికల్లా మైకు బాలేదు, ప్రసంగం పొడుగైంది, ఫలానావాళ్ళు పలకరించలేదు అని వరసగా పడతాయి, కింద చేతులు జోడించిన బొమ్మలు. మైకు చూసుకునే కుర్రాడు మా బంధువే. అతన్ని అడిగితే, "అందరూ గ్రూపులో పెట్టేవాళ్ళే అత్తా, ఒక్కరూ మైకు దగ్గరికి రారు" అన్నాడు. 'నీతిమంతులు నన్ను కొట్టుట నాకు ఉపకారము, వారు నన్ను గద్దించుట నాకు తైలాభిషేకము' అని 141వ కీర్తన. అభిషేకం చెయ్యాలంటే తల అందేంత దగ్గరికి రావాలి కదా. ఫోన్లో నూనె పోస్తే ఎక్కడ పడుతుంది?

నర్సమ్మగారికి ఎదురు చెప్పే వంతు ఒకసారి నాకే వచ్చింది. సండే స్కూల్ సంవత్సరం పరీక్ష పేపర్ ఆవిడే రాసేవారు. ఆ ఏడు పేపర్ చూసి చిన్న పిల్లలు బిక్కముఖం వేశారు. నేను పెద్ద తరగతి. నాన్న దగ్గర గొణిగితే, "నాతో కాదు" అని నన్ను ఆవిడింటికి పంపాడు. దారి పొడుగునా టెన్షన్. ఆవిడ మంచం మీద కూర్చుని చోళ్ళు చెరుగుతున్నారు.

"పరీక్ష పేపర్ గురించండి."

చేట పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, పాత మందుల చీటీ వెనక్కి తిప్పి పెన్సిల్ తీశారు. "చెప్పు. మెల్లిగా చెప్పు, రాసుకోవాల."

రెండు చెప్పాను. ఒకటి, ఒడియా మీడియం పిల్లలు కంఠత వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో రాయలేకపోతున్నారు, వాక్యం మాత్రం వాళ్ళకి బాగా వచ్చు. రెండోది, యాకోబు పన్నెండుగురు కొడుకుల పేర్లు తల్లుల పేర్లతో సహా పుట్టిన వరసలో రాయమనడం చాలా కష్టంగా ఉంది. ఆవిడ రెండూ రాసుకుని, కింద గీత గీశారు.

"ఇంకేటైనా ఉందా?"

"లేదండి."

"మొదటిది నాకు తోచలేదమ్మా. మంచిపని చేశావు చెప్పి. రెండోది ఆలోచిస్తాను." గుప్పెడు వేరుశనగలు చేతిలో పోసి పంపారు.

మరుసటి ఏడు పేపర్లో, కంఠత వాక్యం ఒడియాలో రాయవచ్చు, లేదా నోటితో చెప్పవచ్చు అని ఉంది. యాకోబు కొడుకులు మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయిన ఏడు అయిదో ప్రశ్న, ఈ ఏడు మొదటి ప్రశ్న.